మీ పాలసీ వయసెంత?



పెద్దాసుపత్రిలో అడుగు పెట్టగానే ఒక పక్కన గాజు పలక వెనక ఒక బల్ల ఉంటుంది. పైన ఇన్సూరెన్స్ డెస్క్ అని బోర్డు. ముందు నాలుగు ఇనుప కుర్చీలు. ఆ కుర్చీల్లో ఒక కిరాణా కొట్టు యజమాని కూర్చున్నాడనుకుందాం. చీరాల మనిషి అనుకోండి, సిద్దిపేట మనిషి అనుకోండి, ఎవరైనా ఒకటే. నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి. బియ్యం బస్తాలు ఎత్తీ ఎత్తీ హెర్నియా తెచ్చుకున్నాడు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఐదు లక్షల పాలసీ ఉందన్న ధీమాతో వచ్చాడు. ప్లాస్టిక్ కవరు నిండా ఆధార్ జిరాక్సు, పాన్ కార్డు జిరాక్సు, డాక్టరు రాసిన చీటీ.

బల్ల వెనక అమ్మాయి ఆయన వయసు అడగలేదు. అది ఆధార్‌లోనే ఉంది. ఆమె అడిగింది ఇంకో వయసు.

"పాలసీ తీసుకుని ఎన్నాళ్లయిందండీ?"

"పదకొండు నెలలయిందమ్మా."

రాస్తున్న అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది.

ఇవాళ్టి ప్రసంగం ఆ పెన్ను గురించే. రెండేళ్లుగా మన దేశంలో ఆరోగ్య బీమా నిబంధనలు చాలా మారాయి. పన్ను తగ్గిందన్నారు. వయసు పరిమితి పోయిందన్నారు. వార్తలన్నీ విన్నాం. కానీ ఆ మార్పులు మన ఇంట్లోకి, మన కొట్లోకి వచ్చేసరికి ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. మీ పాలసీ వయసెంత? మీ వయసు కాదు. పాలసీ వయసు.

పాలసీకి వయసేమిటి అంటారా? మామిడి తోట వేసినవాళ్లను అడిగితే ఇట్టే చెప్తారు. బంగినపల్లి అంటు తెచ్చి నాటుతారు. మొదటి ఏడాదో రెండో ఏడాదో నాలుగు పూతలు కనిపించినా రైతు తుంచేస్తాడు. చెట్టు ముందు నిలబడాలి, కాపు సంగతి తర్వాత. మూడేళ్లో నాలుగేళ్లో ఆగుతాడు. ఆరోగ్య పాలసీ కూడా అంతే. డబ్బు కట్టిన రోజు నాటిన రోజు. ఆ రోజు నుంచే అన్ని కాయలూ రావు.

మొదటి నెల రోజులూ రోడ్డు ప్రమాదంలాంటి దానికి తప్ప సాధారణంగా దేనికీ డబ్బు రాదు. ఆ తర్వాత జ్వరాలకీ డెంగీకీ వస్తుంది. హెర్నియా, కంటిలో శుక్లం, మోకాలి కీలు మార్పిడి, పిత్తాశయంలో రాళ్లు, ఇలాంటి కొన్నిటికి మాత్రం ఇంకా ఆగాలి. చాలా పాలసీల్లో రెండేళ్లు రాసి ఉంటుంది. మన కిరాణా కొట్టాయన ఇక్కడే ఆగిపోయాడు. పాలసీ తీసుకునేటప్పటికే ఉన్న రోగాలు, అంటే షుగరు, బీపీ, గుండె జబ్బు లాంటివి, వాటికీ విడిగా ఒక గడువు ఉంటుంది.

ఈ గడువుల్నే 2024లో తగ్గించారు. ముందునుంచీ ఉన్న రోగానికి ఇదివరకు కంపెనీ నాలుగేళ్ల దాకా ఆగమనేది. 2024 ఏప్రిల్ 1 నుంచి మూడేళ్లకు మించి ఆగమనడానికి వీల్లేదు. హెర్నియా, శుక్లం లాంటి వాటికీ మూడేళ్లే గరిష్ఠం. కొన్ని కంపెనీలు అంతకంటే తక్కువే పెడుతున్నాయి. ఆ పోటీ మనకు మంచిదే.

దీనికంటే పెద్ద మార్పు ఇంకోటుంది. దాన్ని గురించి అంతగా చెప్పుకోలేదు. పాలసీ ఆపకుండా ఐదేళ్లు నడిస్తే, ఆ తర్వాత కంపెనీ వెనక్కి తిరిగి "మీరు మొదట్లో ఫలానా రోగం దాచారు" అని క్లెయిమ్ కొట్టెయ్యడానికి లేదు. మోసం చేశారని రుజువు చెయ్యగలిగితే తప్ప. ఇదివరకు ఈ గడువు ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఐదు. అంటే ఐదేళ్లు నిండిన పాలసీ, ఆరు నెలల పాలసీ, కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. బలంలో మాత్రం కాపుకొచ్చిన చెట్టుకీ, నిన్న నాటిన అంటుకీ ఉన్నంత తేడా.

అలాగని దాచేసి ఐదేళ్లు గడిపేద్దాం అనుకోకండి. ఫారం నింపేటప్పుడు "షుగరుందని రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అని చెవిలో చెప్పే ఏజెంట్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కమీషన్ ఆయనకు అప్పుడే వస్తుంది. చిక్కు మీకు మూడో ఏట వస్తుంది. నాలుగేళ్ల కిందటి మందుల చీటీ ఆసుపత్రి ఫైల్లోంచి బయటపడుతుంది. ఉన్న రోగం రాస్తే మూడేళ్లు ఆగితే చాలు. దాస్తే పాలసీ మొత్తం పోవచ్చు. షుగరుంటే షుగరుందని రాయండి. ఏ ఏడాది నుంచి ఏ మాత్ర వేసుకుంటున్నారో అదీ రాయండి.

ఇంకో చిన్న సంగతి. మూడు లక్షల పాలసీని నాలుగో ఏట పది లక్షలకు పెంచారనుకోండి. మొదటి మూడు లక్షలకు వయసు నాలుగేళ్లే. పెంచిన ఏడు లక్షలకు మాత్రం వయసు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. పాత మానుకు కొత్త కొమ్మ కట్టినట్టు.

ఇప్పుడు పన్ను సంగతికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఇదివరకు నూటికి పద్దెనిమిది. అంటే ప్రీమియం 20,000 రూపాయలైతే, పన్ను 3,600 కలిపి 23,600 కట్టేవాళ్లు. ఇప్పుడు 20,000 చాలు. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే పాలసీకీ ఇదే. పెద్దవాళ్ల పాలసీకీ ఇదే.

బాగుంది కదా. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పన్ను ఉన్నప్పుడు కంపెనీలు తాము కట్టిన పన్నును, ఆఫీసు అద్దె మీదా ఏజెంటు కమీషన్ మీదా కట్టినదాన్ని, తిరిగి రాబట్టుకునేవి. పన్ను తీసెయ్యడంతో ఆ వెసులుబాటూ పోయింది. ఆ ఖర్చును అసలు ప్రీమియంలో కలపాలన్న ఒత్తిడి వాటి మీద ఉంటుంది. అందుకని రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు కింద ఉన్న మొత్తం ఒక్కటే చూసి సంతోషపడకండి. పాత రసీదు పక్కన పెట్టి, పన్ను లేకుండా అసలు ప్రీమియం ఎంతుందో రెంటినీ పోల్చి చూడండి. అరవై దాటినవాళ్లకు ఒక కాపుదల ఉంది. ఏడాదికి పది శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థను సంప్రదించాలి. 2025 జనవరి చివర్లో వచ్చిన ఉత్తర్వు ఇది.

అరవై ఐదు దాటినవాళ్లకు కొత్త పాలసీ ఇవ్వరన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. ఆ పరిమితి 2024లో పోయింది. తలుపు తెరిచారు. మెట్లు మాత్రం ఎత్తుగానే ఉన్నాయి. డెబ్భై ఏళ్ల మనిషికి కంపెనీ చెప్పే ప్రీమియం వింటే కొన్ని ఇళ్లలో అక్కడికక్కడే మాట పడిపోతుంది. అందుకే మళ్లీ అదే మాట. పాలసీని లేత వయసులో నాటాలి. డెబ్భై ఏళ్లు నిండినవాళ్లకు కేంద్రం ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా ఆయుష్మాన్ వైద్యం ఇస్తోంది. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఇలాంటి కార్డులున్నవాళ్లను ఎన్నాళ్లయిందని ఎవరూ అడగరు. ఇబ్బందంతా కార్డుకు అర్హత లేక, పెద్ద ఉద్యోగమూ లేక మధ్యలో ఉండిపోయిన చిన్న వ్యాపారిది.

ఆ చిన్న వ్యాపారి దగ్గరికే వెళ్దాం. ఒక సందులో చిన్న ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలప్పుడు కరపత్రాలు. ఆఫ్‌సెట్ మిషను మీద ఇద్దరు, కంప్యూటర్ల ముందు ముగ్గురు, బైండింగ్ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. మొత్తం ఎనిమిది మంది. బైండింగ్ ఆమె ఒకరికి షుగరు. మాటల్లో ఉండగానే మైదా జిగురు రాసి, అట్ట అతికించి, మోచేత్తో నొక్కి పక్కన పెడుతుంది. ఆమెకు ఒంట్లో బాగోకపోతే ప్రెస్సు సగం ఆగిపోతుంది. యజమానికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఎనిమిది మందికీ కలిపి ఒక గ్రూపు పాలసీ తీసుకుందామని చూస్తాడు. గ్రూపు పాలసీకి సాధారణంగా కనీసం ఏడుగురు ఉండాలంటారు. ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి సరిపోతుంది.

గ్రూపు పాలసీలో ఒక గొప్ప సుగుణం ఉంది. చాలా గ్రూపు పాలసీల్లో పాలసీ వయసు అడగరు. ముందునుంచీ ఉన్న షుగరుకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఇది నాటిన అంటు కాదు, కాయలున్న చెట్టు నీడ. అయితే కొనేముందు ఆ మాట కాగితంలో ఉందో లేదో చూసుకోవాలి. ఏజెంటు నోటిమాట చాలదు.

మరి పన్ను? ఇక్కడే యజమాని నుదురు ముడిపడుతుంది. లెక్క కోసం ఈ ఎనిమిది మంది ప్రీమియం 60,000 అనుకుందాం. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 10,800. మొత్తం 70,800. పన్ను తీసేసింది వ్యక్తుల పాలసీలకే, గ్రూపు పాలసీలకు కాదు. కాగితం మీదా ఇంకు మీదా కట్టిన జీఎస్టీని ఆయన అమ్మకాల పన్నులో మినహాయించుకోగలడు. పనివాళ్ల ఆరోగ్య పాలసీ మీద కట్టినది మాత్రం, చట్టం తప్పనిసరి చేస్తే తప్ప, సాధారణంగా మినహాయించుకోలేడు. ఆ 10,800 ఆయన గల్లాపెట్టెలోంచి పోవాల్సిందే. అదే యజమాని సొంత కుటుంబానికి తీసుకున్న పాలసీకి పన్ను సున్నా. మనిషి ఒక్కడే, ఆసుపత్రి ఒకటే, పన్నులు రెండు రకాలు. తన కుటుంబానికి కొంటే పన్ను లేదు, పనివాళ్లకు కొంటే ఉంది. వేలమంది ఉద్యోగులున్న కంపెనీ దీన్ని పెద్దగా పట్టించుకోదు. ఎనిమిది మందితో నడిచే ప్రెస్సుకు అది ఒకరి జీతంలో పెద్ద ముక్క. ఈ తేడా సమంజసంగా లేదు. గ్రూపులన్నిటికీ కాకపోయినా చిన్న గ్రూపులకైనా పన్ను తీసెయ్యాల్సింది.

అయితే ఆయనకు ఇంకో దారుంది. ఈఎస్ఐ, అంటే ప్రభుత్వం నడిపే ఉద్యోగుల బీమా. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసేచోట, నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరి. పదో మనిషిని పెట్టుకుంటే ఈఎస్ఐ వస్తుందని తొమ్మిది దగ్గరే ఆగిపోయే యజమానులు మనకు తెలియనివాళ్లేం కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఈ విషయంలో కొత్త వీలు ఇచ్చింది. పదిమంది కంటే తక్కువ ఉన్నా, యజమానీ పనివాళ్లూ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరొచ్చు.

ఖర్చెంత? 2019 జులై నుంచి యజమాని వాటా నూటికి మూడుంపావు, పనివాడి వాటా ముప్పావు. అంటే నెలకు 15,000 జీతం మీద యజమాని 487 రూపాయల యాభై పైసలు, పనివాడు 112 రూపాయల యాభై పైసలు. ఇద్దరిదీ కలిపి 600. ఎనిమిది మందికీ అదే జీతమైతే యజమాని వాటా నెలకు 3,900. ఏడాదికి 46,800. మనం అనుకున్న గ్రూపు పాలసీ 70,800. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఈఎస్ఐలో పనిచేసే మనిషికే కాక, ఆ మనిషి కుటుంబానికీ వైద్యం ఉంటుంది. వైద్యం ఖర్చుకు ఐదు లక్షలనో పది లక్షలనో గీత లేదు. జబ్బుపడి సెలవు పెడితే, నిబంధనలకు లోబడి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో డెబ్భై శాతం వస్తుంది. మామూలు ప్రైవేటు ఆరోగ్య పాలసీ పోయిన కూలికి డబ్బివ్వదు. నిజమే, డిస్పెన్సరీలో క్యూ ఉంటుంది. మందు లేదు, రేపు రండి అనే రోజులూ ఉంటాయి. హైదరాబాదు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి దాకా రెండు బస్సులు మారాల్సిన వాళ్లుంటారు. అవన్నీ లెక్కలోకి తీసుకోవాల్సినవే. అయినా షుగరున్న బైండింగ్ ఆమెను అక్కడ ఎవరూ "ఎన్నేళ్ల నుంచి ఉందమ్మా, మూడేళ్లు ఆగు" అనరు.

ఒక మాట యజమానికి. ఈఎస్ఐ పనివాళ్లకు. మీరు యజమాని కాబట్టి అందులో మీరు లేరు. మీ సొంత పాలసీ మీకు ఉండాల్సిందే. పనివాళ్లకు అన్నీ చేసి, తనకేమీ చేసుకోకుండా ఉండిపోయే చిన్న యజమానులు చాలామంది.

ఇక పనివాళ్లకు ఒక మాట. గ్రూపు పాలసీ అయినా, ఈఎస్ఐ అయినా ఉద్యోగం ఉన్నన్నాళ్లే. బైండింగ్ ఆమె ప్రెస్సు మానేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతే ఆ నీడ పోతుంది. అప్పుడు కొత్తగా పాలసీ తీసుకుంటే, షుగరుకు మూడేళ్ల దాకా ఆగాలి. కానీ గ్రూపు పాలసీలోంచి బయటికి వెళ్లేవాళ్లు అదే కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చు. అలా మారితే గ్రూపులో గడిపిన కాలం కలిసి వస్తుంది. పాలసీ వయసు పోదు. అయితే అడగాలి. గడువు లోపల అడగాలి. ఆఖరి జీతం తీసుకునే రోజే యజమానిని అడిగి, ఆ పాలసీ నంబరూ చేరిన తేదీ ఉన్న కాగితమూ తీసుకోండి.

కంపెనీ నచ్చకపోతే మారడానికీ ఇదే పద్ధతి. మొక్కను పీకి వేరేచోట నాటేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టి ముద్దతో సహా తీస్తాం కదా. పాలసీని కూడా పోర్ట్ చేసుకుంటే పాత వయసుతో సహా కొత్త కంపెనీకి వెళ్తుంది. పాతది మానేసి, నెల తర్వాత కొత్తది కొంటే మట్టి రాలిపోయినట్టే. రెన్యువల్ తేదీకి నెలన్నర, రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి.

వయసు పోయేది ఎక్కువగా ఎక్కడంటే, రెన్యువల్ దగ్గర. శ్రావణమాసం సరుకు కొన్నాక చేతిలో డబ్బుండదు. దసరా అమ్మకాలు అయ్యాక కడదాంలే అనుకుంటాడు కొట్టాయన. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు దాటాక ముప్పై రోజుల వెసులుబాటు ఉంది. ఆ లోపు కడితే వయసు నిలుస్తుంది. ఆ మధ్య రోజుల్లో జబ్బు చేస్తే మాత్రం డబ్బు రాదు. ముప్పై ఒకటో రోజు వెళ్తే చాలాసార్లు కొత్త పాలసీయే. నాలుగేళ్ల చెట్టు మళ్లీ అంటు అయిపోతుంది. నెలనెలా కట్టేవాళ్లకు వెసులుబాటు పదిహేను రోజులే.

ఆసుపత్రి దగ్గర కూడా ఒక మార్పు వచ్చింది. త్వరగా చెప్పేద్దాం. క్యాష్‌లెస్‌కు ఆసుపత్రి అడిగిన గంటలోపు కంపెనీ అవునో కాదో చెప్పాలి. డిశ్చార్జి బిల్లు పంపాక మూడు గంటల్లో తేల్చాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే, ఆ డబ్బు కంపెనీదే, రోగిది కాదు. ఇది 2024 మే నెల ఉత్తర్వు. పొద్దున్న డిశ్చార్జి అని చెప్పి, సాయంత్రం దాకా సంచులు సర్దుకుని మంచం మీద కూర్చున్న కుటుంబాల్ని ఇప్పటికీ చూస్తూనే ఉంటాం. కనీసం ఏ టైముకు బిల్లు పంపారో అడిగి రాసి పెట్టుకోండి.

మళ్లీ మన కిరాణా కొట్టాయన దగ్గరికి. పదకొండు నెలల పాలసీతో వచ్చినాయన. ఆయనకు ఆ రోజు డబ్బు రాలేదు. అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకున్నాడనుకుందాం. ఇంటికెళ్లి కోపంతో ఆ పాలసీ ఆపేస్తే? పదకొండు నెలలూ వృథా. కట్టుకుంటూ పోతే? ఇంకో పదమూడు నెలలకు రెండేళ్లు నిండుతాయి. ఇంకో పాతిక నెలలకు మూడేళ్లు. ఆ రోజు కడుపు మండినా, ఆపకుండా కట్టడమే ఆయనకు లాభం.

శ్రోతలారా, ఇవాళ ఒక్క పని చెయ్యండి. బీరువాలోంచి పాలసీ కాగితం తీయండి. ఈ ఏడాది తేదీ కాదు, మొట్టమొదట ఎప్పుడు మొదలైందో ఆ తేదీ వెతకండి. దాన్ని క్యాలెండరు మీదో, కొట్లో అయితే పద్దు పుస్తకం మొదటి పేజీలోనో రాసి పెట్టండి. పాలసీతో పాటు ముఖ్య విషయాల పత్రం ఒకటి ఇస్తారు. ఏ రోగానికి ఎన్నాళ్లు ఆగాలో అందులో ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మీకుంది.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. యాభై లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. దేశం మొత్తం బీమా కంపెనీల్ని నియంత్రించే సంస్థ ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదే. వాళ్ల ఫిర్యాదుల నంబరు 155255. కాల్ ఉచితం. మళ్లీ చెప్తున్నాం, ఒకటి, ఐదు, ఐదు, రెండు, ఐదు, ఐదు. ఫోన్ చేసే ముందు పాలసీ కాగితం దగ్గర పెట్టుకోండి. అది మొదలైన తేదీ చేతికందేలా ఉండాలి.